కోసినా పెరిగే కాలేయం

ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే కార్జానికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. 'కిలో మాంసంలో కాస్త కార్జం కూడా వెయ్యి' అని అడగనివాళ్లు తక్కువ. బాలింతలకు, రక్తం తక్కువగా ఉన్న పిల్లలకు వండిపెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు. ముదురు ఎరుపు రంగులో, మెత్తగా, చేతిలోంచి జారిపోయే ముద్దలా ఉండే ఆ కార్జమే పుస్తకాల భాషలో కాలేయం. డాక్టరు దగ్గరికి వెళితే లివర్. చూడటానికి ఏ ప్రత్యేకతా లేని ఈ అవయవానికి ఒంట్లో మరే పెద్ద అవయవానికీ రాని విద్య ఒకటి వచ్చు. మూడింట రెండు వంతులు కోసి తీసేసినా, మిగిలిన ఒక్క వంతూ పెరిగి దాదాపు మునుపటంత అవుతుంది.

మనిషికి వేలు తెగితే వేలు రాదు. గుండెపోటు వచ్చి కండ చచ్చిపోతే ఆ చోట మచ్చ మిగులుతుంది. ఒక కిడ్నీ తీసేస్తే రెండోది కాస్త పెద్దదవుతుంది కానీ కొత్తది మొలవదు. మరి కాలేయానికే ఈ వరం ఎందుకు? అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. కోసినా పెరిగే అవయవమే అయితే, తాగుడు వల్లనో హెపటైటిస్ వల్లనో లివర్ చెడిపోయి ఇంతమంది ఎందుకు చనిపోతున్నారు?

ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతుకుతూ బయలుదేరిన శాస్త్రజ్ఞులు చివరికి ఒక ఊహించని చోటికి చేరుకున్నారు. అది కాలేయంలోని అతి సన్నని పైత్యనాళాల కొస.

పంట కాలువలాంటి ఏర్పాటు

పెద్దవాళ్లలో కాలేయం బరువు సుమారు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా ఉంటుంది. కుడివైపు పక్కటెముకల చాటున, ఊపిరితిత్తుల కింద ఇమిడి ఉంటుంది. తిన్న తిండిలోంచి పేగులు పీల్చుకున్న సారమంతా పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ద్వారా ముందు ఇక్కడికే వస్తుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. చక్కెరను దాచడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు తయారుచేయడం, మందుల్నీ విషాల్నీ విరిచెయ్యడం, కొవ్వు అరగడానికి పైత్యరసం ఊరించడం, ఇలా వందల పనులు ఇక్కడ జరుగుతాయి. కోడిని శుభ్రం చేసేటప్పుడు కార్జానికి అంటుకుని ఆకుపచ్చటి చిన్న తిత్తి కనిపిస్తుంది. అది చిట్లితే కూరంతా చేదే. ఆ చేదు నీళ్లే పైత్యరసం.

సూక్ష్మదర్శినిలో చూస్తే కాలేయం ఆరు మూలల చిన్న చిన్న మడుల్లా కనిపిస్తుంది. ఒక్కో మడి అడ్డకొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు. మడి మూలల్లో మూడు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పోర్టల్ సిర కొమ్మ, రెండోది ధమని కొమ్మ, మూడోది పైత్యనాళం. రక్తం మూలల్లోంచి మడిలోకి పారి, మధ్యలో ఉన్న సిరలోకి దిగుతుంది. పైత్యరసం మాత్రం ఎదురుగా పారుతుంది. మడిలోని కణాల మధ్య సన్నటి బోదెల్లో ఊరి, మూలల్లోని నాళంలోకి చేరుతుంది. ఒకే పొలంలో నీరు పెట్టే కాలువ, మురుగు కాలువ ఎదురెదురుగా పారుతున్నట్టు అన్నమాట.

మడిలోని బోదె ముగిసి అసలు నాళం మొదలయ్యే చోట ఒక చిన్న మెలిక ఉంది. అక్కడ గట్టుకు ఒక పక్క కాలేయ కణం ఉంటే, రెండో పక్క నాళపు కణం ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎవాల్డ్ హెరింగ్ పేరు మీద దీన్ని హెరింగ్ కాలువ అంటారు. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ కథకు కీలకం మాత్రం ఇదే.

ఎలుకలు చెప్పిన సంగతి

గ్రీకు పురాణాల్లో ప్రొమిథియస్ అనే వీరుడున్నాడు. దేవతల దగ్గర్నుంచి నిప్పు దొంగిలించి మనుషులకిచ్చాడు. దానికి శిక్షగా అతన్ని బండకు కట్టేశారు. రోజూ ఒక గద్ద వచ్చి అతని కాలేయం తినేది. రాత్రికి అది మళ్లీ పెరిగేది. తెల్లారితే గద్ద మళ్లీ వచ్చేది. కాలేయం పెరుగుతుందని గ్రీకులకు నిజంగా తెలుసో, కాకతాళీయంగా కలిసొచ్చిందో అన్నది ఇప్పటికీ చర్చే.

కథను పక్కనబెట్టి కొలతలతో చూసింది 1931లో. అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలినది ఏమవుతుందో చూశారు. వారం పది రోజుల్లో కాలేయం తన పాత బరువుకు చేరుకుంది. ఆ పద్ధతి ఎంత తేలికంటే, ఇప్పటికీ కాలేయం మీద పరిశోధన చేసేవాళ్లు దాన్నే వాడుతున్నారు.

ఇక్కడొక తేడా గమనించాలి. బల్లికి తెగిన చోటే తోక మొలుస్తుంది. కాలేయంలో కోసేసిన తమ్మె మళ్లీ రాదు. మిగిలిన తమ్మెలే ఉబ్బి, పెద్దవై, బరువు సరిచేస్తాయి. ఆకారం మారుతుంది, పని మాత్రం మునుపటిలాగే సాగుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు ఊరు విడిచి వెళితే మిగిలినవాళ్లే పొలం పనంతా భుజాన వేసుకున్నట్టు.

మిగిలిన ముక్కకు పెరగమని చెప్పేదెవరు? 1967లో బోస్టన్‌కు చెందిన మోల్టెన్, నాన్సీ బుచర్ అనే శాస్త్రజ్ఞులు రెండు ఎలుకల రక్తప్రసారాన్ని గొట్టాలతో కలిపారు. ఒకదాని కాలేయంలో కొంత కోసేశారు. రెండోదాన్ని ముట్టుకోలేదు. చెక్కుచెదరని ఆ రెండో ఎలుక కాలేయంలో కూడా కణాలు విభజనకు సిద్ధమయ్యాయి. కబురు రక్తంలోనే వస్తోందని దాంతో తేలింది. ఆ కబుర్లలో ముఖ్యమైన ఒకదాన్ని 1984లో జపాన్‌కు చెందిన తొషికాజు నకమురా బృందం పట్టుకుంది. దానికి హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు. పైత్యరసంలోని ఆమ్లాలకు కూడా ఇందులో పాత్ర ఉందని 2006లో ఎలుకల మీద జరిగిన మరో పరిశోధన చూపింది. కాలేయం చిన్నదైతే ఆ ఆమ్లాలు దాని తాహతుకు మించి పోగుపడతాయి. పెరగాలన్న హెచ్చరిక అలా కూడా అందుతుంది.

మూలకణాలు అక్కర్లేని పెరుగుదల

ఇంత పెరుగుదల ఉందంటే దీని వెనక మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్ ఉండి తీరాలని ఎవరికైనా అనిపిస్తుంది. చర్మంలో, పేగుల్లో, ఎముక మజ్జలో ఉన్న పద్ధతి అదే. పనిచేసే కణాలు అరిగి రాలిపోతుంటే, వెనకాల దాగి ఉన్న మూలకణాలు కొత్తవాటిని పుట్టిస్తుంటాయి.

కాలేయం దారి వేరు. కత్తితో కోసినప్పుడు మిగిలిన ముక్కలోని మామూలు కణాలే, అప్పటిదాకా ప్రొటీన్లు తయారుచేస్తూ, విషాలు విరుస్తూ ఉన్నవే, పని మానకుండానే రెండుగా చీలిపోతాయి. ఎలుకల్లో ఒక్క రోజులోనే ఈ సందడి మొదలవుతుంది. 1997లో ఒక బృందం ఎలుక కాలేయ కణాల్ని ఒకదాని నుంచి ఇంకోదానికి, దాన్నుంచి మరోదానికి మారుస్తూ పోయి, ఆ కణాలు కనీసం 69 సార్లు రెట్టింపు కాగలవని లెక్కగట్టింది. ఇలాంటి కణాలున్నచోట వేరే మూలకణాలతో పనేముంది?

మనిషి సంగతి తెలుసుకోవడానికి ఇంకో ఉపాయం దొరికింది. 1950ల్లో, 60ల్లో పెద్ద దేశాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. 1963 ఒప్పందం తర్వాత అది ఏటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది పంటల్లోకి, పంటల్లోంచి అన్నంలోకి, అన్నంలోంచి ఒంట్లోకి వచ్చింది. కణం పుట్టినప్పుడు దాని డీఎన్ఏలో ఎంత కార్బన్-14 చేరిందో చూస్తే ఆ కణం ఏ ఏడాది పుట్టిందో చెప్పొచ్చు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న ఓలాఫ్ బెర్గ్‌మన్ బృందం ఈ లెక్కతో 2022లో తేల్చింది ఏమంటే, మనిషికి ఇరవై ఏళ్లున్నా ఎనభై ఏళ్లున్నా అతని కాలేయ కణాల సగటు వయసు మూడేళ్ల లోపే. తాతగారి కాలేయమూ మనవడి కాలేయమూ ఈ లెక్కలో ఇంచుమించు ఈడువాళ్లే.

విషం తగిలినప్పుడు

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ఒక ముక్క కోసినప్పటి మాట. జబ్బు అలా రాదు. వైరస్, సారా, విషమైన మందు లాంటివి ఒక మూల కోసి తక్కినది వదిలిపెట్టవు. పొలమంతటికీ తెగులు సోకినట్టు ప్రతి మడిలోనూ కణాల్ని చంపుతాయి, మిగిలినవాటినీ దెబ్బతీస్తాయి. విత్తనానికి ఉంచిన గింజలే పుచ్చిపోతే నాట్లు ఎక్కణ్నుంచి వేస్తారు?

అలాంటి సమయంలోనే పైత్యనాళాల కొసల్లో ఒక అలికిడి కనిపిస్తుంది. 1956లో ఇమాన్యుయేల్ ఫార్బర్ క్యాన్సర్ పుట్టించే రసాయనాలు తినిపించిన ఎలుకల కాలేయాల్లో కోడిగుడ్డు ఆకారపు కేంద్రకాలున్న చిన్న కణాల్ని చూసి వాటిని 'ఓవల్ సెల్స్' అన్నారు. ఆ మరుసటి ఏడాది, 1957లో, హాన్స్ పాపర్ బృందం జబ్బు చేసిన కాలేయాల్లో సన్న పైత్యనాళాలు గుబురుగా పెరగడం గురించి రాసింది. వైద్యులు దీన్నే డక్టులర్ రియాక్షన్ అంటారు. తెలుగులో సన్ననాళాల స్పందన అనుకోవచ్చు. కాలేయం ముక్కను పరీక్షకు పంపితే, పాథాలజిస్టు రిపోర్టులో ఇప్పటికీ కనిపించే మాట ఇది.

ఈ కణాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? 1999లో అమెరికాలో నీల్ థీస్ బృందం మనుషుల కాలేయాల్ని పలుచటి పొరలుగా కోసి, వరసగా పేర్చి చూసింది. వాటిలో పారాసెటమాల్ మోతాదు మించి మింగడంతో పాడైన కాలేయం కూడా ఉంది. హెరింగ్ కాలువ ఒక చుక్కలాంటి చోటు కాదనీ, అది మడిలోకి కొంత దూరం చొచ్చుకుపోయే సన్నటి దారనీ, గుబురుగా పెరిగే ఆ చిన్న కణాలు దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయనీ గమనించింది. మనిషి కాలేయంలో మూలకణాల చిరునామా హెరింగ్ కాలువే కావచ్చని ఆ బృందం ప్రతిపాదించింది.

2006లో బెల్జియం పరిశోధకులు మరో సంగతి చెప్పారు. కాలేయం ఒక్కసారిగా దెబ్బతిన్న రోగుల ముక్కల్ని పరిశీలిస్తే, సుమారు సగానికి సగం కణాలు పోయి, మిగిలినవి విభజన చెందడంలో వెనకబడ్డాకనే నాళాల దగ్గరి చిన్న కణాలు రంగంలోకి దిగుతున్నాయి. అవి కాలేయ కణాల పోలికల్లోకి మారడానికి కనీసం వారం పడుతోంది. అంటే ఇది మొదటి వరస సైన్యం కాదు, వెనక ఉంచిన దళం. రోగి ఆ వారం రోజులు ప్రాణాలతో నిలవడమే గండం.

తేలని తగాదా

సైన్సులో ఒక మాట అనగానే అందరూ ఒప్పుకోరు. చిన్న కణాలు గుబురుగా కనిపించాయి సరే, అవే కాలేయ కణాలుగా మారుతున్నాయని రుజువేమిటి? కాలేయ కణాలే నాళపు కణాలుగా మారుతుండొచ్చుగా?

2010 తర్వాత ఎలుకల కణాలకు జన్యువుల్లో చెరగని గుర్తుపెట్టి, వాటి సంతానాన్ని వెతికే పద్ధతి వాడుకలోకి వచ్చింది. పచ్చబొట్టు వంశపారంపర్యంగా వస్తే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. 2014 నాటికి వచ్చిన ఫలితాలు మూలకణాల పక్షాన్ని దెబ్బతీశాయి. కొత్త కాలేయ కణాల్లో దాదాపు అన్నీ పాత కాలేయ కణాల పిల్లలే. నాళాల వాటా నామమాత్రం. తగాదా తీరిందనుకున్నారు.

అయితే ఆ ఎలుకల్లో కాలేయ కణాలు ఇంకా ఓపికతో ఉన్నాయి. మనిషికి సిర్రోసిస్ వచ్చేసరికి అవి విభజన చెంది చెంది ముసలివైపోతాయి. ఎడిన్‌బరోలో స్టువర్ట్ ఫోర్బ్స్ బృందం ఎలుకల్లో కూడా కాలేయ కణాలు విభజన చెందకుండా అడ్డుకట్ట వేసి, అప్పుడు కాలేయాన్ని గాయపరిచింది. 2017లో ప్రచురించిన ఫలితం వేరుగా ఉంది. ఈసారి పైత్యనాళపు కణాలే కాలేయ కణాలుగా మారి ఖాళీలు నింపాయి. ఇంటి పెద్ద ఆరోగ్యంగా ఉన్నంతకాలం బాధ్యత తీసుకోని కొడుకు, ఆయన మంచాన పడ్డాక పొలానికి వెళ్లడం మొదలుపెట్టినట్టు.

మనుషుల్లో పచ్చబొట్లు పొడవడం కుదరదు. అందుకని సాక్ష్యం మరోలా వెతికారు. కెనడా పరిశోధకులు 2015లో సిర్రోసిస్ కాలేయాల్లోని మచ్చల నడుమ సన్ననాళాల కొసల నుంచి కాలేయ కణాల మొగ్గలు తొడగడం చూపించారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఫ్యాటీ లివర్ రోగుల కాలేయ ముక్కల్లో ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివింది. జబ్బు ముదిరే కొద్దీ కాలేయ కణాలకూ నాళపు కణాలకూ మధ్య గీత చెరిగిపోతోందని, రెండు పోలికలూ ఉన్న కణాలు కనిపిస్తున్నాయని చెప్పింది. అదే ఏడాది అదే పత్రికలో మరో బృందం, ఒక్కసారిగా పాడైన కాలేయంలో కొన్ని కణాలు విభజన కన్నా ముందు జరిగి వచ్చి గాయం మూయడానికి పూనుకుంటాయని రాసింది.

ఇప్పటికి తేలినదాన్నిబట్టి చూస్తే, కాలేయంలో మూలకణాలన్నవి ఒక గదిలో దాచిపెట్టిన ప్రత్యేక జాతి అన్న పాత ఊహ నిలబడటం కష్టం. అవసరం మీదపడితే నాళపు కణం కాలేయ కణంగా, కాలేయ కణం నాళపు కణంగా వేషం మార్చుకోగలవు. మూలకణం అన్నది ఒక ఉద్యోగం పేరు, పుట్టుకతో వచ్చే ఇంటిపేరు కాదు.

మేలు చేసేదే కీడు చేస్తే

నాళాలు గుబురుగా పెరిగితే మంచిదేగా అనిపించొచ్చు. కానీ ఆ గుబురు ఒంటరిగా రాదు. వెంట వాపునూ, మచ్చ కట్టే నార పోగుల్నీ తెస్తుంది. గాయం నెలల తరబడి మానకపోతే, సాయానికి వచ్చిన నాళాల చుట్టూనే మచ్చ గట్టిపడి మడులు మెలికలు తిరుగుతాయి. దానికే సిర్రోసిస్ అని పేరు. కాలేయంలో సన్ననాళాల గుబురు ఎంత ఎక్కువగా ఉంటే మచ్చ కూడా అంత ముదిరి ఉండటం వైద్యులు తరచూ చూసేదే.

ఇది అందరికన్నా ఎక్కువగా కష్టపెట్టేది పసిపిల్లల్ని. బిలియరీ అట్రీషియా అనే జబ్బులో పుట్టిన కొద్ది వారాల్లోనే కాలేయం బయటి పైత్యనాళం మూసుకుపోతుంది. పైత్యరసం పేగులోకి దిగే దారిలేక వెనక్కి తన్నుతుంది. లోపలి సన్ననాళాలు గుబురుగా పెరుగుతాయి, మచ్చ కట్టడం మొదలవుతుంది. ముక్క పరీక్షలో వైద్యులు వెతికే ముఖ్యమైన ఆనవాలు ఆ గుబురే. జపాన్ వైద్యుడు మోరియో కసాయ్ 1950ల్లో దీనికి ఒక ఆపరేషన్ కనిపెట్టారు. మూసుకుపోయిన నాళాన్ని తీసేసి, పేగును నేరుగా కాలేయానికి కుడతారు. బిడ్డకు రెండు నెలలు నిండకముందే చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 'పుట్టిన పిల్లలకు పసికర్లు మామూలే, పొద్దుటెండ చూపించండి' అని ఇరుగుపొరుగు చెబుతారు. చాలామంది పిల్లల్లో అది నిజమే, తగ్గిపోతుంది. కానీ రెండు వారాలు దాటినా కళ్లు పచ్చగానే ఉండి, బిడ్డ విరేచనం పసుపుపచ్చగా కాకుండా సున్నంలా, బూడిదలా తెల్లబారి వస్తే ఎండలో కూర్చోవడం దండగ. ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పోతున్నది పైత్యరసం రంగు, కరుగుతున్నది ఆపరేషన్‌కు ఉన్న గడువు.

1998లో ఢిల్లీలో ఇలాంటి జబ్బుతోనే ఉన్న రెండేళ్లు నిండని బిడ్డకు తండ్రి కాలేయంలోంచి ముక్క తీసి పెట్టారు. సజీవ దాత నుంచి కాలేయ మార్పిడి దేశంలో విజయవంతం కావడం అదే మొదలు. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరయ్యాడు. తండ్రి కాలేయం పెరిగింది, కొడుకులో పెట్టిన ముక్కా ఒంటితోపాటే పెరిగింది.

దాతలు తెలుసుకోవలసింది కూడా ఇక్కడే ఉంది. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు సాధారణంగా కుడి తమ్మె తీస్తారు. అది కాలేయంలో సుమారు 60 శాతం. కొన్ని నెలల్లో మిగిలినది చాలావరకు పూడుకుంటుంది. అయితే తీసేసిన తమ్మెతోపాటు పోయిన పెద్ద నాళాలు మళ్లీ మొలవవు. అందుకే ఒకసారి ఇచ్చినవాళ్లు రెండోసారి ఇవ్వడం కుదరదు. ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో పైత్యరసం కారడం తరచూ కనిపించేది. అరుదే అయినా ప్రాణాపాయమూ ఉంది. 'ఎలాగూ పెరుగుతుందిగా' అని బంధువులు ఒత్తిడి చెయ్యదగ్గ విషయం కాదు ఇది.

ఆశ అమ్ముకునేవాళ్లు

మూలకణాల పేరు వినగానే రోగి ఇంట్లో ఆశ పుడుతుంది. 2000లో థీస్ బృందమే మరో సంగతి బయటపెట్టింది. మగవాళ్ల ఎముక మజ్జ ఎక్కించుకున్న ఆడవాళ్ల కాలేయాల్లో మగవాళ్లకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్‌తో కాలేయ కణాలు కనిపించాయి. మజ్జలోంచి కాలేయం పుడుతుందని ప్రపంచమంతా సంబరపడింది. 2003లో ఎలుకల మీద రెండు పరిశోధనలు ఆ సంబరం మీద నీళ్లు చల్లాయి. మజ్జ కణాలు కాలేయ కణాలుగా మారడం కాదు, ఉన్న కాలేయ కణాల్లో కలిసిపోతున్నాయని తేలింది.

హైదరాబాద్‌కూ ఈ కథలో చోటుంది. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం కాలేయం హఠాత్తుగా చెడిపోయిన ఏడుగురు రోగులకు గర్భస్థ పిండాల కాలేయ కణాలు ఎక్కించి, ఆ అనుభవాన్ని 1994లో ప్రచురించింది. డెక్కన్ వైద్య కళాశాలలోని కాలేయ పరిశోధన కేంద్రం 2010లో మరో ప్రయత్నాన్ని వెల్లడించింది. సన్న పైత్యనాళాల కణాల మీద కనిపించే ఎప్‌క్యామ్ అనే గుర్తునే ఆనవాలుగా పెట్టుకుని పిండ కాలేయంలోంచి మూలకణాల్ని వేరుచేసి, 25 మంది సిర్రోసిస్ రోగుల కాలేయ ధమనిలోకి ఎక్కించారు. ఆరు నెలల తర్వాత కొలతలు మెరుగుపడ్డాయని ఆ బృందం రాసింది. ప్రపంచంలో తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దానికి విలువుంది. కానీ పాతిక మందితో ఒక మందు ఖాయం కాదు. బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ రోగుల మీద మజ్జ మూలకణాలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కణాలు ఎక్కించినవాళ్లకు, ఎక్కించనివాళ్లకన్నా కాలేయం బాగుపడలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల్లో ఒక మాట స్పష్టంగా ఉంది. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ పరిశోధన కిందికే వస్తాయి. పరిశోధనలో చేరిన రోగి దగ్గర చికిత్సకని డబ్బు పుచ్చుకోకూడదు. పొలం అమ్మించి, స్టెమ్ సెల్స్‌తో లివర్ కొత్తదవుతుందని ఎవరైనా హామీ ఇస్తే అక్కణ్నుంచి లేచి రావడమే మంచిది.

నిజమైన ఆశ నెమ్మదిగానే వస్తోంది. 2015లో నెదర్లాండ్స్‌లో మెరిట్‌షెల్ హూచ్, హాన్స్ క్లెవర్స్ బృందం మనిషి పైత్యనాళపు కణాల్ని గాజు పాత్రలో నెలల తరబడి పెంచి, వాటిని కాలేయ కణాల పోలికలోకి మార్చగలిగింది. 2021లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు అలా పెంచిన నాళపు కణాల్ని, మార్పిడికి పనికిరాదని పక్కనబెట్టి యంత్రం మీద సజీవంగా ఉంచిన మనిషి కాలేయంలోకి పంపి, చెడిపోయిన నాళాల్ని బాగుచేయించారు. దాతల కాలేయాల్లో నాళాలు చెడినందువల్ల పారేస్తున్నవాటిని రేపు కాపాడగలిగితే, ఎదురుచూసేవాళ్ల వరస కొంతైనా తగ్గుతుంది.

ఇక మొదట్లో వేసుకున్న ప్రశ్న. కోసినా పెరిగేది జబ్బు చేస్తే ఎందుకు పెరగదు? పెరుగుతుంది. దెబ్బ ఒక్కసారి తగిలి ఆగిపోతే పెరుగుతుంది. రోజూ తగులుతుంటే పెరగడానికి తీరిక దొరకదు, బదులుగా మచ్చ పెరుగుతుంది. మందు మానినవాళ్లలో, హెపటైటిస్ సి వైరస్ పోయినవాళ్లలో మచ్చ కొంత వెనక్కి తగ్గడం వైద్యులు చూశారు. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించడం, పెద్దవాళ్లు పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు దాటనీయకపోవడం, తాగే అలవాటున్నవాళ్లు అంత కూడా వాడకపోవడం, నడుం చుట్టూ కొవ్వు పేరకుండా చూసుకోవడం, ఇవన్నీ ఏ మూలకణానికీ తీసిపోని వైద్యాలే.

ప్రొమిథియస్ కాలేయం రాత్రికి రాత్రి పెరిగిందంటే కారణం ఒకటే. గద్ద రాత్రిపూట వచ్చేది కాదు.